పెద్దాయన హాజరు

డాక్టర్ పోలిశెట్టి సుదర్శనం గుంటూరు బ్రాడీపేటలో చాలా ఏళ్ళుగా పళ్ళ వైద్యం చేస్తున్నాడు. నోట్లో ఉండే పన్నుకూ ఖజానాకు కట్టే పన్నుకూ తెలుగువాళ్ళు ఒకటే మాట ఎందుకు పెట్టుకున్నారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మొదటిది ఊడదీయడం ఆయన జీవనాధారం. రెండోది తన దగ్గర ఊడదీస్తుంటే తట్టుకోలేకపోవడం ఆయన బలహీనత. ఎగ్గొట్టే ధైర్యం లేదు, నవ్వుతూ కట్టే పెద్ద మనసూ లేదు. ఏటా మార్చి నెల వచ్చేసరికి అన్నం సయించేది కాదు. అందుకని ఆయన భార్య హైమావతి ఆ నెలంతా మిరియాల చారు పలుచగా కాచి పోసేది. ఆ ఇంట్లో దాని పేరు మార్చి చారు.

అలాంటి ఒక మార్చిలో ఆడిటరు భమిడి విశ్వపతి దవడ పన్ను పట్టుకుని వచ్చి కుర్చీలో వాలాడు. సుదర్శనం ఆయన నోట్లోంచి పరికరాలు తీసి, పుక్కిలించమన్నాడు. విశ్వపతి పుక్కిలించి ఉమ్మి, డాక్టరు ముఖంలోకి జాలిగా చూశాడు.

"డాక్టరుగారూ, నా పంటి సంగతి సరే. అసలు జబ్బు మీకుంది. మీకు నష్టాలు లేవు."

"నష్టాలు లేకపోవడం జబ్బా?"

"జబ్బంటే అట్లాంటి ఇట్లాంటి జబ్బు కాదు. మీ సంపాదన ఎర్రటెండలో నిలబడి ఉంది. దాని పక్కన కాస్త నష్టం నాటుకుంటే, ఆ నీడలో చల్లగా ఉంటుంది."

నాటుకోదగ్గ నష్టం విశ్వపతి దగ్గర సిద్ధంగానే ఉంది. దాని పేరు వృషభశ్రీ పశు సంవర్ధన భాగస్వామ్య సంస్థ. దేశవాళీ పశువుల మీద ప్రభుత్వానికి ఆ మధ్యనే ప్రేమ పొంగింది. మేలుజాతి గిత్తను పెట్టి సంతతిని వృద్ధి చేసే సంస్థలో ఎవరు వాటా తీసుకున్నా, సంస్థకు వచ్చే నష్టంలో తమ భాగాన్ని తమ ఇతర సంపాదనలోంచి తీసివేసి చూపించుకోవచ్చు. 

"గిత్త తింటుంది. అది నష్టం," అన్నాడు విశ్వపతి. "ఆవులు తింటాయి. అదీ నష్టమే. కొట్టం పాతబడుతుంది, గిత్తకు వయసు మీదపడుతుంది. కాలం గడవడమే మనకు నష్టం డాక్టరుగారూ. మీరు వేలు కూడా కదపక్కర్లేదు."

"మరి దూడలు పుట్టి లాభం వస్తే?"

"మొదటి కొన్నేళ్ళూ ఆ ప్రమాదం లేదు."

సంస్థవారి రంగుల కరపత్రం సుదర్శనం ఇంటికి తీసుకువెళ్ళాడు. హైమావతి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. బొమ్మలో ఒంగోలు గిత్త ఠీవిగా నిలబడి ఉంది. దాని వెనక మంచు కొండలున్నాయి.

"ఒంగోలు గిత్త వెనక మంచు కొండలేమిటండీ?"

"ఆకర్షణ కోసమట."

"ఆకర్షణ గిత్తకా, మీకా?" అంది ఆవిడ. జవాబు దొరకక సుదర్శనం మర్నాడే వెళ్ళి వాటా తీసుకున్నాడు.

భాగస్తులందరికీ గుంటూరులో ఒక హోటలు హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. బంగారం కొట్టు గ్రంధి సత్యానందం, ఒక కల్యాణ మండపం యజమాని, ఒక ఎముకల డాక్టరు, ఇంకా అలాంటి ఎండ తగులుతున్న పెద్దమనుషులు కొందరు వచ్చారు. పన్ను మినహాయింపుల ప్రత్యేక పరిశీలన మండలి నుంచి కొమరగిరి త్రివిక్రమం అనే అధికారి వచ్చాడు. చొక్కా పై గుండీ కూడా పెట్టుకున్న మనిషి. మాట్లాడేటప్పుడు ప్రతి వాక్యానికీ చివర దస్తఖతు చేస్తున్నట్టు తల వంచేవాడు.

"మాన్య భాగస్తులారా, సదరు మినహాయింపు ఊరికే ఇవ్వబడదు. భాగస్తుడు పశు సంవర్ధనంలో స్వయంగా, నిరంతరంగా, సారవంతంగా పాలుపంచుకొనవలెనని తాజా ఉత్తర్వు నిర్దేశిస్తున్నది."

సత్యానందం నెమ్మదిగా లేచాడు.

"సార్, సంవర్ధనం చేసేది గిత్త. అందులో మేము పాలుపంచుకోవడమంటే ఎట్టా?"

"పాలుపంచుకొను విధానం గురించి ఉత్తర్వు మౌనంగా ఉన్నది."

"గిత్తకు పాలే ఉండవు గదండీ," అన్నాడు వెనక నుంచి ఎవరో.

"అది పశు వైద్యుల పరిధిలోని అంశం," అని త్రివిక్రమం తల వంచాడు.

విశ్వపతి కలగజేసుకుని, సంవర్ధన ఘట్టం జరిగే చోట భాగస్తులు హాజరుగా ఉంటే సరిపోతుందేమో పరిశీలించమని కోరాడు. త్రివిక్రమం పరిశీలించి, సరిపోతుందన్నాడు.

అలా ఒక ఆదివారం పొద్దున భాగస్తులంతా ఒక బస్సు మాట్లాడుకుని బయల్దేరారు. అద్దంకి దాటాక వేమవరప్పాడు అనే ఊరి పొలిమేరలో సంస్థ వారి కొట్టం ఉంది. అక్కడ పశువులను చూసుకునే జీతగాడు దాసరి యేసోబు. బీడీ నోట్లో, తువ్వాలు నెత్తిన పెట్టుకుని, ఎంత తక్కువ పనితో రోజు గడపవచ్చో బాగా కనిపెట్టిన మనిషి. గిత్తకు సంస్థ పెట్టిన పేరు స్థిరాస్తి నంబరు ఒకటి. యేసోబు మాత్రం పెద్దాయన అనేవాడు.

సుదర్శనం అంత దగ్గరగా ఆబోతును చూడటం అదే మొదలు. తెల్లగా, మూపురం మీద బూడిద నీడ వేసుకుని, గంగడోలు వేలాడుతూ, పూర్వం జమీందార్లు చావిట్లో కూర్చున్నట్టు నిలబడి ఉంది. చేతులు తమంతట తామే జోడించుకోబోతే సుదర్శనం ఆపుకున్నాడు.

ఎదకు వచ్చిన ఆవును తెచ్చి గుంజకు కట్టారు. భాగస్తులు చుట్టూ నిలబడ్డారు. కొందరు ఫోన్లు తీశారు. త్రివిక్రమం కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పెద్దాయన అందరినీ ఒకసారి కలియజూసి, పక్కకు తిరిగి, గాడిలో చొప్ప నమలడం మొదలుపెట్టింది. ఎంతసేపు చూసినా అంతే.

"ఏందయ్యా, ఇది పనిచేయదా?" అన్నాడు సత్యానందం.

"ఇంతమంది గుడ్లప్పగించి సూత్తంటే ఎట్టా చేత్తాదయ్యా? మీరైతే చేత్తారా?" అన్నాడు యేసోబు.

త్రివిక్రమం కాసేపు ఆలోచించి లేచి నిలబడ్డాడు. "ఉత్తర్వులో భాగస్తుల హాజరు మాత్రమే అడగబడినది. వీక్షణం అడగబడలేదు. కావున భాగస్తులు హాజరుగా ఉంటూనే వెనుకకు తిరగవచ్చును."

భాగస్తులంతా వెనక్కి తిరిగారు. ఎదురుగా మిర్చి చేను. గుంటూరులో పేరున్న పెద్దమనుషులు వరసగా నిలబడి ఆ మిర్చి చేను వైపు ఏకాగ్రతగా చూశారు. త్రివిక్రమం కూడా మర్యాదకు కుర్చీ తిప్పుకున్నాడు. కాసేపటికి యేసోబు, "అయిపోయింది, ఇటు తిరగండయ్యా" అన్నాడు. పాలుపంచుకోవడం సంతృప్తికరంగా జరిగినట్టు త్రివిక్రమం ప్రకటించాడు. కొందరు చప్పట్లు కొట్టారు.

సంతృప్తి ఎంతోకాలం నిలవలేదు. ఘట్టానికి హాజరు కావడం స్వయంగా అవుతుంది గాని నిరంతరంగా కాదని పైనుంచి అభ్యంతరం వచ్చింది. భాగస్తుడు తన అసలు వృత్తిలో ఎంతసేపు ఉంటాడో కొట్టంలోనూ అంతసేపు ఉండాలి. అందుకు రుజువుగా కొట్టంలో గాడి పక్కన వేలిముద్ర యంత్రం ఒకటి బిగించారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేలు పెట్టాలి. పశువులకూ గుర్తింపు ఉండాలని బీమావాళ్ళు పట్టుబట్టారు. పశువు మూతి మీది గీతలు మనిషి వేలి గీతల్లాగే ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండవట. రెండు యంత్రాలు దండగని, విశ్వపతి వేలికీ మూతికీ కలిపి ఒకటే కొన్నాడు.

బిగించడానికి వచ్చిన మనిషి ఆబోతు మూతిముద్ర తీసుకుని, "పేరు?" అని అడిగాడు.

"పెద్దాయన," అన్నాడు యేసోబు.

"ఇంటిపేరు?"

"ఒంగోలు."

"వృత్తి?"

యేసోబు ఆవుల వైపు చూసి, "అదే," అన్నాడు. ఆ మనిషి పశు సంవర్ధనం అని యంత్రంలో నమోదు చేసుకున్నాడు.

ఇక భాగస్తులు రావడం మొదలైంది. సత్యానందం కారు ఇంజను ఆపకుండా దిగి, వేలు పెట్టి, అద్దంకి వెళ్ళి పడుకుని, సాయంత్రం మళ్ళీ వేలు పెట్టి వెళ్ళేవాడు. ఆవుల కొట్టంలో ఎండగా ఉందని ఎముకల డాక్టరు అంటే, సంస్థ ఖర్చు మీద పక్కనే ఒక చల్లటి గది కట్టారు. ఖర్చు పెరిగితే నష్టం పెరుగుతుంది కాబట్టి ఎవరూ వద్దనలేదు. గదిలోకి సోఫాలు వచ్చాయి, పేకముక్కలు వచ్చాయి, వంటమనిషి వచ్చాడు. పశువులకు ఉన్న నీడ సగం ఆ గదికిందికి పోయింది. "నష్టం ఏపుగా పెరుగుతోంది," అని విశ్వపతి మురిసిపోయాడు.

సుదర్శనానికి మాత్రం అలా వేలు పెట్టి పోవడానికి ధైర్యం చాలలేదు. రేపెప్పుడో త్రివిక్రమం నిలదీసి, ఫలానా రోజు ఏం చేశావయ్యా అంటే ఏం చెప్పాలి? అందుకని వారంలో సగం రోజులు ఆసుపత్రి చిన్న డాక్టరుకు అప్పగించి, వేమవరప్పాట్లోనే ఉండిపోయేవాడు. మొదట కుర్చీ వేసుకుని పశువుల వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఊరికే కూర్చోవడం కూడా నేరంలాగే తోచి, చీపురు అందుకున్నాడు.

వృత్తిధర్మం ఊరుకోదు గనక ఒకరోజు పెద్దాయన పెదవి ఎత్తి చూశాడు. వెంటనే ఇంటికి ఫోను చేశాడు.

"హైమా, మనల్ని మోసం చేశారు. దీనికి ముందు పై పళ్ళు ఒక్కటీ లేవు."

"అయితే కట్టుడు పళ్ళు పెట్టండి," అంది హైమావతి. తర్వాత నవ్వు ఆపుకుని, "ఏ ఆవుకూ గేదెకూ ముందు పై పళ్ళు ఉండవండీ. మా నాన్నగారింట్లో ఉండగా ఎన్నిసార్లు చూడలేదూ. ఇన్నేళ్ళు పళ్ళ డాక్టరు చేసి ఇదా మీరు తెలుసుకున్నది?" అంది.

ఆ రోజు నుంచి సుదర్శనానికి పెద్దాయన మీద ఒకరకమైన గౌరవం ఏర్పడింది. ముందు పై పళ్ళు లేకుండా ఇంత తిని, ఇంత ఒడ్డూ పొడుగూ పెరిగిన ప్రాణి తన వైద్యం ఎన్నడూ కోరలేదు. ఆయన చొప్ప కోయడం నేర్చుకున్నాడు. పేడ ఎత్తడం, కుడితి కలపడం, పలుపు ముడి వేయడం నేర్చుకున్నాడు. మొదట్లో బొబ్బలెక్కితే ఆసుపత్రి నుంచి రబ్బరు తొడుగులు తెచ్చి వేసుకున్నాడు. వాటి వాసనకు పెద్దాయన ముఖం తిప్పేసుకుంటే, తీసి పారేశాడు. ఆయన పని పెరిగే కొద్దీ యేసోబు పని తగ్గింది. చల్లటి గదిలో పేకాట రాయుళ్ళకు టీలు అందిస్తూ, మిగతా సమయం టీవీలో సీరియళ్ళు చూస్తూ యేసోబు ఒళ్ళు చేశాడు.

సుదర్శనానికి మంచి నిద్ర పట్టేది. మార్చి వచ్చి వెళ్ళిన సంగతి కూడా గమనించలేదు. ఇంటికి వెళ్ళిన రోజున రెండుసార్లు అన్నం పెట్టించుకునేవాడు. హైమావతి ఆ చేతులు పట్టుకుని, "ఈ చేత్తో ఎవరి నోట్లోనైనా వేలు పెడితే కేసు పెడతారు" అనేది గాని, ఆ మాటలో విసుగు ఉండేది కాదు.

ఒకరోజు పొద్దున వేలు పెడితే యంత్రం ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టాడు. ఒప్పుకోలేదు. పదివేళ్ళూ పెట్టి చూశాడు. చొప్పా కొడవలీ పలుపూ కలిసి గీతలన్నీ అరగదీసేశాయి. వెనకనుంచి సత్యానందం వచ్చి, పట్టులాంటి వేలు ఆనించాడు. యంత్రం పచ్చగా వెలిగింది.

సుదర్శనం గుంటూరులో త్రివిక్రమం కార్యాలయానికి పరిగెత్తాడు.

"సార్, పని చేసి చేసి నా వేలిముద్ర అరిగిపోయింది."

"తమరు కొట్టంలో పని చేసినట్టు రుజువేమిటి?"

సుదర్శనం రెండు అరచేతులూ చాపాడు. త్రివిక్రమం వాటిని చాలాసేపు సానుభూతితో చూశాడు.

"ఇవి చేతులు. ఉత్తర్వులో వేలిముద్ర అని ఉన్నది. తమరు కొన్నాళ్ళు పని మానండి. గీతలు తిరిగి మొలుస్తాయి. అప్పుడు ముద్ర పడుతుంది. ముద్ర పడితే పని చేసినట్టు లెక్క."

"మరి పని చేస్తే?"

"చేసినంతకాలం చేయనట్టే."

బయటికి వచ్చి సుదర్శనం మెట్ల మీద కూర్చున్నాడు. పని మానితే మినహాయింపు వస్తుంది. చేస్తే పోతుంది. ఇంత తేలికైన లెక్కలో కూడా మనసు ఎటూ తేల్చకపోవడం ఆయనకే విచిత్రంగా అనిపించింది. ఇంతలో వేమవరప్పాడు బస్సు సమయమైందని గుర్తొచ్చింది. పొద్దుటినుంచీ పెద్దాయనకు కుడితి పెట్టి ఉండరు. లేచి బస్టాండుకు నడిచాడు.

కొట్టంలో యంత్రం పని యంత్రం చేస్తూనే ఉంది. దాని మీద అందరి వేళ్ళ చెమట ఉప్పు పేరుకుని ఉండేది. పెద్దాయనకు ఉప్పంటే ప్రాణం. గాడిలోంచి తల ఎత్తినప్పుడల్లా మూతి ఆనించి ఆ యంత్రాన్ని నాకేది. ఆనించినప్పుడల్లా అది పచ్చగా వెలిగేది. సుదర్శనం చూసేవాడు. పశువు సరదా పశువుది అనుకుని, తడి తుడిచేవాడు.

ఏడాది చివర త్రివిక్రమం తీర్పు చెప్పడానికి స్వయంగా వేమవరప్పాడు వచ్చాడు. చల్లటి గదిలో భాగస్తులంతా సోఫాల్లో కూర్చున్నారు. సుదర్శనం పేడ చేతులు కడుక్కుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"భాగస్తుల హాజరు క్షుణ్ణంగా పరిశీలించబడినది," అని త్రివిక్రమం మొదలుపెట్టాడు. "ఉదయపు ముద్రకును సాయంకాలపు ముద్రకును నడుమ వీరు ఎక్కడ ఉన్నదీ ఆధారం లేదు. కావున వీరి హాజరు నిరంతరం కాదు. ముద్రలు నడుమనే ఆగిపోయినందున డాక్టరుగారు అసలే రానట్టు తేలినది. అయితే యంత్రంలో నమోదైన వారిలో ఒక్క భాగస్తులు మాత్రం రేయింబవళ్ళు, ఎండనక వాననక, సెలవు దినాలతో సహా హాజరై ఉన్నారు. సంవర్ధనంలో స్వయంగా పాల్గొన్నారు. సారవంతంగా పాల్గొన్నట్టు నాలుగు ఆవులు చూడి కట్టినవి. ఈ మండలి చరిత్రలో ఇట్టి క్రమశిక్షణ చూడలేదు. సంస్థ యావత్తు నష్టమునకు మినహాయింపు వారికే మంజూరు చేయడమైనది. శ్రీ ఒంగోలు పెద్దాయన గారు."

ఎముకల డాక్టరు చేతిలో పేకముక్కలు జారిపోయాయి.

"సార్, ఆయన ఆబోతండీ," అన్నాడు సత్యానందం.

"అనగా?"

"పశువండీ. నాలుగు కాళ్ళ పశువు."

త్రివిక్రమం ఉత్తర్వు మొత్తం మనసులోనే తిరగేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. "భాగస్తునికి ఎన్ని కాళ్ళు ఉండవలెనో ఉత్తర్వు చెప్పలేదు. మంజూరైన దానిని రద్దు చేయుటకు నాకు అధికారం లేదు." ఆ తర్వాత లేచి, కొట్టంలోకి నడిచి, పెద్దాయన ముందు తల వంచాడు. ఆ వంచడం ఆయన అలవాటో అభినందనో ఎవరికీ తెలియలేదు.

అంతటితో పోలేదు. మినహాయింపు దక్కని భాగస్తుడి వాటా, దక్కిన భాగస్తుడికి చెందుతుందని ఒప్పందంలో ఒక షరతు ఉంది. అది తనకూ వాటా ఉన్న విశ్వపతి ముందుచూపుతో తనకోసం పెట్టుకున్నది. ఇప్పుడు ఆ షరతు పుణ్యమా అని కొట్టం, ఆవులు, చల్లటి గది, సోఫాలు అన్నీ పెద్దాయనవయ్యాయి. భాగస్తులు తిట్టుకుంటూ ఇళ్ళకు పోయి పన్నులు కట్టుకున్నారు. సుదర్శనమూ కట్టాడు. కట్టి బయటికి వచ్చి, సోడా తాగి, ఇంతేనా అనుకున్నాడు.

విశ్వపతి దిగులుపడి కూర్చునే రకం కాదు. రెండు రోజుల్లో సత్యానందం ఇంటికి వెళ్ళాడు. "శెట్టిగారూ, పెద్దాయన దగ్గర ఇప్పుడు బోలెడు నష్టం నిలవ ఉంది. దానికి తగ్గ సంపాదన ఆయనకు లేదు. మీకు సంపాదన ఉంది, నష్టం లేదు. పెద్దాయన గారిని మీ బంగారం కొట్లో భాగస్తుడిగా చేర్చుకుంటే ఒకరికొకరు కలిసొస్తారు."

సత్యానందం కళ్ళు మెరిశాయి. మర్నాడే శాలువా, చామంతి దండ తీసుకుని వేమవరప్పాడు వచ్చాడు. "పెద్దాయన గారూ, తెలియక ఏవేవో అన్నాను," అంటూ దండ వేశాడు. పెద్దాయన దండ తినేసింది. అంగీకారం తెలిపినట్టు విశ్వపతి అందరికీ చెప్పాడు. కల్యాణ మండపం యజమాని కూడా శాలువాతో బయల్దేరాడని కబురొచ్చింది.

చిక్కల్లా ఒకటే. బంగారం కొట్లో భాగస్తుడైతే అక్కడా స్వయంగా, నిరంతరంగా హాజరు కావాలి. అందుకని ఒక పొద్దున లారీ వచ్చింది. వెనక కారులో సత్యానందం, విశ్వపతి, హాజరు మార్పిడిని పర్యవేక్షించడానికి త్రివిక్రమం వచ్చారు. గుంటూరు కొట్లో గాజు బీరువాల మధ్య చోటు చేశారట. నేల జారకుండా తివాచీ వేశారట.

సుదర్శనం లారీ వెనక దించిన పలకల బల్లను చూశాడు. పెద్దాయన పలుపు తన చేతిలోనే ఉంది. ఆయన జన్మలో ఏ అధికారికీ ఎదురు చెప్పలేదు.

"తీసుకెళ్ళడానికి వీల్లేదు," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"మీరెవరండీ చెప్పడానికి? మీరసలు ఇక్కడికి ఎప్పుడూ రాలేదని తేలింది గదా," అన్నాడు విశ్వపతి.

సుదర్శనం త్రివిక్రమం వైపు తిరిగాడు. "సార్, ఒక సందేహం. పెద్దాయన గారు గుంటూరు వెళితే ఇక్కడ గైర్హాజరు అవుతారా, అవరా?"

"అగుదురు."

"గైర్హాజరైతే ఇక్కడి మినహాయింపు ఉంటుందా?"

"రద్దగును."

"మినహాయింపు రద్దయితే ఆయన దగ్గర నష్టం ఉండదు. నష్టం లేని భాగస్తుడు శెట్టిగారికి ఎందుకు?"

సత్యానందం విశ్వపతి ముఖం చూశాడు. విశ్వపతి లారీ ముఖం చూశాడు. త్రివిక్రమం నుదుటి మీద చెమట పట్టింది. పై గుండీ విప్పుదామని చెయ్యి పెట్టి, మానుకున్నాడు.

"ఇది జటిలమైన అంశం. పై వారి నుండి స్పష్టత కోరవలసి ఉన్నది. స్పష్టత వచ్చువరకు సదరు భాగస్తులు ఉన్నచోటనే, ఉన్నట్టే ఉండవలెను. వారికి మేత, నీరు లోపం లేకుండా చూడవలెను."

"ఎవరు చూడాలి సార్?" అన్నాడు సుదర్శనం.

"యజమాని పెద్దాయన గారే కనుక, వారే ఒక పాలేరును నియమించుకొనవలెను."

యేసోబు వెంటనే తనకు నడుం నొప్పి అన్నాడు. పాలేరుగా సుదర్శనం కుదిరాడు. పెద్దాయన ఖాతాలోంచి జీతం కూడా వచ్చేది. యజమానికి పన్ను మినహాయింపు ఉంది, పాలేరుకు లేదు కనుక సుదర్శనం తన పళ్ళ సంపాదనకు ఈ జీతం కూడా కలిపి ఆపై ఏడు మరికాస్త ఎక్కువ పన్ను కట్టాడు. సంగతి విని హైమావతి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ, ఈసారి తననూ తీసుకువెళ్ళమంది. వచ్చి, చల్లటి గదిలో సోఫాలు అమ్మించి, ఆ గదిలో ఆవులను కట్టించింది.

స్పష్టత రాలేదు. వస్తుందేమోనని త్రివిక్రమం నెలకొకసారి వచ్చి చూసి వెళ్ళేవాడు. అలా ఆయన వచ్చిన ఒక మధ్యాహ్నం కపిల ఆవు ఈనడానికి పడుకుంది. తొలిచూలు. దూడ ముందుకాళ్ళు కనిపించి ఆగిపోయాయి. పశువుల డాక్టరు ఇంకా దారిలోనే ఉన్నాడు. సుదర్శనం చొక్కా విప్పి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఫోనులో ఆయన చెబుతున్నట్టు, ఆవు ముక్కినప్పుడల్లా మెల్లగా లాగుతున్నాడు. హైమావతి ఫోను పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళూ ఎన్నో లాగిన చెయ్యే. అయినా ఇంత భయంగా ఎప్పుడూ లాగలేదు.

త్రివిక్రమం దగ్గరకొచ్చి వంగి చూశాడు.

"డాక్టరుగారూ, ఒక సాంకేతిక అంశం. సంస్థకు పెద్దాయన గారు ఏకైక భాగస్తులు. కనుక ఈ జననం వారికే జరిగినట్టు పరిగణించబడును. ఆవు కేవలం సాధనం."

"ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నాడంట సార్ ఎనకటికెవడో," అన్నాడు యేసోబు గోడకానుకుని. "ఎక్కడ కట్టెయ్యమంటారు?"

"అదియును స్పష్టత కోరవలసిన విషయమే," అని త్రివిక్రమం ఇంకొంచెం ముందుకు వంగాడు. "పుట్టబోవునది మైనరు భాగస్తుడగునా, లేక..."

దూడ తల బయటికి వచ్చింది. తర్వాత ఒక్కసారిగా మొత్తం జారి సుదర్శనం ఒళ్ళో పడింది. కదల్లేదు. ఆయన దాని ముక్కులోంచీ నోట్లోంచీ జిగురు వేలితో తీసి, గడ్డితో పక్కలు రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దుతూనే తలెత్తకుండా అన్నాడు.

"పక్కకు జరగండి సార్. గాలి రావాలి."

త్రివిక్రమం గబుక్కున పక్కకు జరిగాడు. ఏ ఉత్తర్వు ప్రకారం జరగాలో ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. దూడ ఒకసారి తుమ్మి, చెవులు విదిలించింది. త్రివిక్రమం చొక్కా పై గుండీ విప్పుకుని, యేసోబు చేతిలోంచి తువ్వాలు తీసుకుని, సుదర్శనానికి అందించాడు.